షడ్జమం నుంచి సాధారణ గాంధారానికి

ఫ్లాయిడ్ టూల్ రాసిన ‘సౌండ్ రీప్రొడక్షన్’ను ఇంజనీర్ల పుస్తకమని పక్కన పెట్టనక్కరలేదు. మందుల పరీక్షల గురించి చదువుకున్న వైద్యుడికి అందులోని మనుషులు పరిచయస్తులే. 1994లో టూల్, షాన్ ఆలివ్ కలిసి జరిపిన ప్రయోగంలో శ్రోతలు అవే స్పీకర్లను ఒకసారి చూస్తూ, మరొకసారి తెరచాటు నుంచి విన్నారు. మార్కులు మారిపోయాయి. చూస్తూ విన్నప్పుడు పెద్దవాటికి, ఖరీదైనవాటికి మొగ్గు కనిపించింది. అది ఊహించదగ్గదే. నన్ను ఆపింది మరొక విషయం: స్పీకరును గదిలో మరో చోటికి జరిపితే నాదంలో నిజంగానే వచ్చే మార్పు, తెరచాటున తెలిసినంతగా చూస్తున్నప్పుడు తెలియలేదు. తెలిసి వినడమంటే లేనిది వినడమే కాదు, ఉన్నది వినకపోవడం కూడా.

ఈ పుస్తకం నా చేతికి రావడానికి కారణం ట్రాయ్‌లో మా వీధి చివర ఉండే ఒక పెద్దమనిషి. కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. గోడలోంచి వచ్చే కరెంటును ‘శుభ్రపరిచే’ బరువైన పెట్టె ఒకటి కొని ఆంప్లిఫయరుకు తగిలించారు. తండ్రిగారు మిగిల్చి వెళ్లిన ఎల్పీలు అప్పటినుంచీ పొర తొలగినట్టు వినిపిస్తున్నాయట. ధర చెప్పబోతుంటే వారి శ్రీమతి లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. రెండోది కూడా కొనాలా అన్నది ప్రశ్న. “మీకు వినిపించడం లేదా డాక్టర్‌గారూ?” అని అడిగారు.

కరెంటుకూ పాటకూ సంబంధం లేదని తోసిపుచ్చడం మనకు చెల్లదు. పక్కింట్లో మిక్సీ తిరిగితే మనింటి రేడియో గరగరలాడిన రోజులు ఎరుగుదుం. అంతకన్నా విచిత్రం సముద్రాలు దాటి వచ్చిన రికార్డ్ ప్లేయరు కథ. అక్కడి కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. ఇక్కడ 120 వోల్టులు, 60 ఆవృత్తులు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను సరిచేస్తుంది, ఆవృత్తుల జోలికి పోదు. ఆవృత్తుల లెక్కన తిరిగే మోటారు ఇక్కడ ఎల్పీని నిమిషానికి 33⅓ చుట్లకు బదులు 40 చుట్లు తిప్పుతుంది. 60కీ 50కీ నిష్పత్తి 6:5. సాధారణ గాంధారానికీ షడ్జమానికీ ఉన్న నిష్పత్తి కూడా అదే! ఘంటసాల భగవద్గీత మూడు స్వరస్థానాలు పైకెక్కి పరుగులు తీస్తుంది. అర్జునుడికి విషాదపడే వ్యవధి కూడా ఉండదు.

ఆంప్లిఫయరు సంగతి వేరు. గోడలోంచి వచ్చిన విద్యుత్తును అది తిన్నగా వాడుకోదు. ఒకే దిశకు మళ్లించి, కెపాసిటర్లలో నిలవచేసుకుని వాడుకుంటుంది. కాలువ ఎగుడుదిగుడుగా పారినా చెరువు తూము దగ్గర ధార నిలకడగా ఉన్నట్టు. అమెరికా ప్రమాణం మామూలుగా అనుమతించే 114 నుంచి 126 వోల్టుల హెచ్చుతగ్గులను సవ్యంగా తయారైన యంత్రం సులువుగా భరిస్తుంది. గుయ్యిమనే రొద వస్తే, చాలాసార్లు టీవీ కేబులూ ఆంప్లిఫయరూ వేర్వేరు దారుల్లో ఎర్త్‌ను చేరడమే కారణం. దానికి వైర్లు సర్దుకుంటే చాలు.

రాత్రి పదింటి తర్వాత ఊళ్లో వాడకం తగ్గి, కరెంటు శుభ్రపడి, పాట బాగుంటుందని ఆయన వాదన. బాగుండడం నిజమే. అయితే ఆ వేళకు బిగ్ బీవర్ రోడ్డు రద్దీ కూడా తగ్గుతుంది, ఇల్లూ సద్దుమణుగుతుంది. 2003 ఆగస్టు 14న ఈశాన్య రాష్ట్రాలతో పాటు డెట్రాయిట్ ప్రాంతానికీ కరెంటు పోయినప్పుడు, చీకటికన్నా ముందు తెలిసివచ్చింది నిశ్శబ్దం. ఫ్రిజ్, ఏసీ, ఫ్యాన్లు అన్నీ ఆగితే గాని, రోజూ ఎంత చప్పుడు మధ్య వింటున్నామో తెలియలేదు.

తెరచాటు పరీక్ష పెట్టుకుందామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. “మీరిచ్చే మందులో నమ్మకం పాలు తీసేసి ఇస్తున్నారా?” అన్నారు. వైద్యుడికి ఇది చిన్న ప్రశ్న కాదు. నేనిచ్చే మందు నమ్మకం లేకపోయినా పనిచేస్తుందని ముందే ఎవరో తెరచాటున తేల్చారు. అందుకే దానితో పాటు నమ్మకాన్నీ నిస్సంకోచంగా ఇవ్వగలను. పెట్టె విషయంలో ఆ ధీమా నాకు లేదు. నాకు తేడా వినిపించలేదని చెప్పాను. ఆయన అనుభవాన్ని అబద్ధమనలేదు, దానికి కారణం పెట్టె అని మాత్రం అంగీకరించలేదు. డబ్బు ఖర్చు కాని ఉపాయం ఒకటి చెప్పి వచ్చేశాను.

జనవరిలో ఒక రాత్రి ఫోను చేసి రమ్మన్నారు. ఎల్పీ ఒక వైపు పూర్తయ్యేదాకా ఫర్నేస్ ఆపేశారు. పెట్టె దాని చోటనే ఉంది. శాలువాలు కప్పుకుని ముగ్గురం కూర్చున్నాం. గాయకుడు ఊపిరి తీసుకునే సందులో, వెనకనున్న తంబుర తీగ మీటు తేలి వచ్చింది. ముందుగా విని చెయ్యెత్తింది వారి శ్రీమతి.