రాజమండ్రి వెళ్తే గట్టు మీద కాసేపు ఆగండి

రాజమండ్రి వెళ్లొస్తే మన ఫోన్‌లో మిగిలేవి పుష్కర ఘాట్, ఆర్చ్ బ్రిడ్జ్, ఒక రోజ్‌మిల్క్ సెల్ఫీ. అదే గోదావరి గట్టు మీద దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ కూడా ఉంది. చాలామంది ముందునుంచే వెళ్లిపోతారు.

రామారావు 1897లో ఈ ఊళ్లోనే పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే కుర్రాడి చేతిలో పనితనం గుర్తించి వెన్ను తట్టారు. బొంబాయి జేజే స్కూల్లో చదివాక ఆయన అక్కడే ఉండిపోలేదు. తిరిగొచ్చి సొంతూళ్లోనే చిత్రకళ నేర్పే బడి పెట్టారు. 1925లో మశూచి వచ్చి పోయారు. అప్పటికి 28 నిండలేదు. ఇంచుమించు నా వయసే! నేనింకా అప్రైజల్ కోసం ఎదురుచూస్తున్నా.

లోపల 'నంది పూజ', 'పుష్పాలంకరణ' ముందు నిదానంగా నిలబడండి. మనిషి ఒంటి కొలతలు, నిలబడే తీరు గీయడం బొంబాయిలో నేర్చుకున్నదే. బొమ్మల్లో మనుషులు మాత్రం మనవాళ్లు. ఆ చీరకట్టు, ఆ జడలు ఎక్కడో చూసినట్టే ఉంటాయి. నాకైతే రంగుల బొమ్మలకన్నా పెన్సిల్ స్కెచ్‌లే ఎక్కువ నచ్చాయి.

ఆయన పోయాక బొమ్మలు చెల్లాచెదురు కాకుండా కాపాడింది మిత్రుడు వరదా వెంకటరత్నం. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులే.

కాగితం మీద నీటిరంగులకి తేమ పడదు, ఎక్కువ వెలుతురూ పడదు. ఇవేమో వందేళ్ల బొమ్మలు, పక్కనే గోదారి. ఎవరూ చూడని గదికి మరమ్మతులూ ఆలస్యంగానే వస్తాయి. కాబట్టి వెళ్లండి. ఫ్లాష్ మాత్రం ఆపేయండి.