ఐసు దారి ఇచ్చినప్పుడు

ఫిన్లాండ్ జనాభా సుమారు 56 లక్షలు. అక్కడి వేసవి విడిది ఇళ్లు సుమారు 5 లక్షలు. సొంతంగా లేనివాళ్లకి తాతగారిదో, అత్తగారిదో, స్నేహితులదో ఒకటి ఉండే ఉంటుంది. ‘మోక్కి’ అని పిలుచుకునే ఈ ఇళ్లు చాలావరకు చెక్కవి, చిన్నవి, నీటి ఒడ్డున కట్టుకున్నవి. 1,88,000 సరస్సులున్న దేశం, తుర్కు పట్నం దాటాక ఓలండ్ దాకా వేలకొద్దీ దీవులున్న దేశం కాబట్టి, ఎన్నో మోక్కిలు దీవుల మీదే వెలిశాయి. జూన్ నెలాఖరు పండక్కి పడవ నిండా మనుషులు, సామాన్లతో అక్కడికి చేరడం అందరికీ తెలిసిన ముచ్చట. ఫిబ్రవరిలో వెళ్లడం మాత్రం అందరూ చేసే పని కాదు. ఆ ఇల్లంటే నిజంగా పట్టింపు ఉన్నవాళ్లు చేసే పని అది.

వెళ్లాలనుకోగానే వెళ్లడానికి వీల్లేదు. సముద్రం ఒప్పుకోవాలి. గోదావరి లంకల వాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏరు నిండుగా ఉన్నప్పుడు పడవ, ఎండాకాలంలో ఇసుక తిన్నెల మీద కాలినడక. ఈ రెండింటి మధ్య ఏదీ కుదరని రోజులు కొన్ని. ఫిన్లాండ్ దీవుల్లో ఇసుక చేసే పని ఐసు చేస్తుంది. అది గట్టిగా పట్టితే దీవి దీవిలా ఉండదు, రేవు నుంచి తిన్నగా నడిచి వెళ్లిపోవచ్చు. కష్టమంతా నడుమ వచ్చే వారాలతోనే. డిసెంబర్‌లో ఐసు మనిషిని మోసేంత మందం ఉండదు, పడవని పోనిచ్చేంత పలచగానూ ఉండదు. మార్చి, ఏప్రిల్‌లలో కరిగేటప్పుడు మళ్లీ అదే తంతు. అప్పుడు అత్యవసరమైతే గాలి మీద తేలే హోవర్‌క్రాఫ్టో, విమానపు పంకా బిగించిన హైడ్రోకాప్టరో రావాల్సిందే.

ఈ ఇబ్బంది ఈనాటిది కాదు. ఫిన్లాండ్ స్వీడన్ ఏలుబడిలో ఉన్న రోజుల్లో, 1638లో, స్టాక్‌హోమ్ నుంచి తుర్కుకి ఓలండ్ దీవుల మీదుగా టపా దారి ఏర్పడింది. ఉత్తరాలు చేరవేసే బాధ్యత దారి పొడవునా ఉన్న రైతులది. చలికాలంలో వాళ్లు పడవని నీళ్లున్న చోట తెడ్లేసి నడిపేవాళ్లు, ఐసు ఉన్న చోట దాన్ని భుజబలంతో ఈడ్చేవాళ్లు. కాలికింద ఐసు విరిగితే పడవ అంచు పట్టుకుని వేలాడటమే. ఆ దారిలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

ఐసుని అంచనా కట్టడం తీరప్రాంతపు పిల్లలకి చిన్నప్పటి నుంచే నేర్పుతారు. మచ్చలేని గట్టి ఐసు 5 సెంటీమీటర్లుంటే ఒక మనిషిని మోస్తుంది. స్నోమొబైల్‌కి 15 కావాలి. మంచు కురిసి, తడిసి, మళ్లీ గడ్డకట్టిన తెల్లటి ఐసుకి ఆ బలం ఉండదు. పైగా బాల్టిక్ సముద్రం ఆ ప్రాంతంలో అంత ఉప్పగా ఉండదు. మహాసముద్రాల్లో కిలో నీటికి 35 గ్రాముల ఉప్పుంటే ఇక్కడ 6 గ్రాములకి అటూ ఇటూ. అందుకే సున్నాకి కొద్దిగా దిగువన, మైనస్ 0.3 డిగ్రీల దగ్గరే ఇది గడ్డకట్టడం మొదలుపెడుతుంది. అయితే ఒకే మందాన పట్టదు. రెండు దీవుల మధ్య ఇరుకు సందుల్లో ప్రవాహం కింద నుంచి ఐసుని కోస్తూ ఉంటుంది. రెల్లు దుబ్బుల దగ్గర, పడవల రేవుల కింద, రాతి అంచుల వెంట కూడా నమ్మకం లేదు. ఓడలు కోసుకుంటూ వెళ్లే దారులు మరీ ప్రమాదం. ఓడ వెళ్లిన కాసేపటికే దాని మీద పలచని పొర పట్టి, చుట్టుపక్కల ఐసులో కలిసిపోయినట్టు కనిపిస్తుంది. అందుకే దారి తెలిసినవాళ్లు కూడా మెడలో మేకుల జత వేసుకోకుండా అడుగు పెట్టరు. రెండు చిన్న పిడులు, వాటికి ఇనుప మొనలు. నీళ్లలో పడితే ఆ మొనలు ఐసులో గుచ్చి, వచ్చిన వైపుకే పాక్కుంటూ పైకి రావాలి. వచ్చిన వైపు ఐసు అప్పటిదాకా మనిషిని మోసింది, ముందున్నది మోస్తుందో లేదో తెలియదు.

బళ్ల సంగతికొస్తే పక్క దేశం ఎస్తోనియా నియమాలు చెప్పుకోదగ్గవి. గట్టి చలి పడ్డ ఏడాది అక్కడ ప్రధాన భూభాగం నుంచి హీయుమా దీవికి పాతిక కిలోమీటర్ల ఐసు రోడ్డు తెరుస్తారు. దాని మీద సీటు బెల్టు పెట్టుకోకూడదు, అవసరమైతే క్షణంలో దూకాలి. గంటకి 25 నుంచి 40 కిలోమీటర్ల మధ్య వేగంతో నడపకూడదు. తక్కువైనా పర్లేదు, ఎక్కువైనా పర్లేదు, ఆ మధ్య వేగమే కూడదు. దీనికి కారణం ఐసు కింద ఉంది. బండి బరువుకి ఐసు కొద్దిగా వంగి, కింది నీళ్లలో ఒక అల లేస్తుంది. అల వేగం లోతుని బట్టి ఉంటుంది: 5 మీటర్ల లోతులో గంటకి 25 కిలోమీటర్లు, 12 మీటర్ల లోతులో ఇంచుమించు 40. బండి, అల రెండూ ఒకే వేగంతో కలిసి సాగితే అల పెరిగి పెరిగి ఐసుని పగలగొడుతుంది. ఎప్పుడూ గట్టి నేల మీద బతికేవాళ్లకి తట్టని లెక్క ఇది; అక్కడి డ్రైవర్లకి ప్రాణావసరం.

మళ్లీ ఫిన్లాండ్‌కి వస్తే, దీవి చేరి మోక్కి తలుపు తీస్తే ఒక్కోసారి బయటికన్నా లోపలే ఎక్కువ చలి. దుంగల గోడలు, మంచాలు, పరుపులు, అరలోని పళ్లాలు అన్నీ అంతకుముందు వారాల చలిని పట్టుకుని ఉంటాయి. పొయ్యి వెలిగించగానే గాలి వేడెక్కుతుంది కానీ ఇల్లు వేడెక్కదు. గోడలూ ఇటుక పొయ్యీ వేడిని పీల్చుకోవడానికి ఒక పగలూ రాత్రీ పట్టొచ్చు. ఈలోగా మనుషుల ఊపిరీ, కుండలోని ఆవిరీ వెళ్లి చల్లటి మూలల్లో తడిగా దిగుతాయి. అనుభవం ఉన్నవాళ్లు అందుకే పరుపుల్ని గోడకి దూరంగా, పొయ్యికి ఎదురుగా నిలబెడతారు. పొగగొట్టం మూత విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వేడి పోతోందన్న తొందరలో నిప్పులు పూర్తిగా ఆరకముందే మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ గదిలో నిండుతుంది. దానికి వాసన ఉండదు.

నీళ్ల పనంతా శరదృతువులోనే అయిపోయి ఉండాలి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతుంది, గొట్టాన్నీ పంపునీ చీల్చేస్తుంది. అక్టోబర్‌లో ఎవరో ఒకరు వచ్చి అన్నీ ఖాళీ చేసి వెళ్లబట్టే ఫిబ్రవరిలో వచ్చినవాళ్లకి ఇల్లు దక్కుతుంది. తాగే నీళ్లు క్యాన్లలో, లాగుడు బండి మీద వెంట తెచ్చుకోవాలి. మిగతా అవసరాలకి ఐసులో కన్నం ఉండనే ఉంది.

ఇక కప్పు. అణిగిన మంచు ఘనపు మీటరుకి 300 కిలోల దాకా తూగుతుంది. 50 చదరపు మీటర్ల కప్పు మీద అర మీటరు మందాన పేరుకుంటే ఏడున్నర టన్నులు. తాతల నాటి సన్న దూలాలకి అది మామూలు భారం కాదు. చలికాలంలో ఇక్కడికి రావడానికి చాలా కుటుంబాల్లో పైకి చెప్పే కారణం ఈ మంచు దించడమే. మనసులో ఉన్న కారణం ఇల్లు ఎలా ఉందో ఒకసారి కళ్లారా చూసుకోవాలన్న తపన. నాలుగు నెలలు ఒంటరిగా నిలబడ్డ ఇంటి మీద ఆ మాత్రం బెంగ ఉండటం ఎంతో సహజం, ఎంతో అందమైన విషయం కూడా.

మూమిన్ కథలు రాసిన తూవె యాన్సన్ ఈ బంధాన్ని అందరికన్నా బాగా ఎరిగిన మనిషి. ఆమె, సహచరి తూలిక్కి పియెతిలా కలిసి హెల్సింకికి తూర్పున పెల్లింకి దీవుల అంచున ఉన్న క్లోవ్‌హారు అనే రాతి దీవిలో 1960ల మధ్యలో ఒంటిగది ఇల్లు కట్టుకున్నారు. నాలుగు దిక్కులా నాలుగు కిటికీలు. సుమారు మూడు దశాబ్దాల వేసవులు అక్కడే గడిపారు. అయితే దీవి ఇంటికి ముందే, 1957లోనే, ఆమె చలికాలం మీద ఒక నవల రాసింది. కుటుంబమంతా శీతనిద్రలో ఉండగా మూమిన్‌కి ఒక్కడికే మెలకువ వస్తుంది. వేసవిలో తనదిగా ఆడుకున్న స్నానాల గుడిసెలో టూటికీ అనే మరో ప్రాణి కాపురం ఉంటోందని తెలుస్తుంది. కుటుంబపు ఆస్తి మీద ఏడాదంతా హక్కు కుటుంబానిదే కాదన్న మాట పిల్లల కథలో ఇంత సౌమ్యంగా చెప్పినవాళ్లు అరుదు. మోక్కి తలుపు తీసినవాళ్లకి అరల్లో ఎలుకల గూళ్లు, మెట్ల మీద నక్క అడుగులు కనిపించినప్పుడు కలిగే భావం సరిగ్గా ఇదే.

సాయంత్రానికి సౌనా, అంటే ఆవిరి స్నానపు గది. చాలా స్థలాల్లో ఇంటికన్నా ముందు కట్టుకున్నది సౌనానే. అది చిన్నది కాబట్టి ఇల్లు ఇంకా వణుకుతుండగానే వేడెక్కుతుంది. అందులోంచి బయటికొచ్చి ఐసు కన్నంలో మునిగి మళ్లీ లోపలికి పరుగెత్తడం పెద్దలకీ పిల్లలకీ పండగ. పగలు అదే ఐసు మీద గాలం వేసుకుని కూర్చోవచ్చు, ఫిన్లాండ్‌లో దానికి లైసెన్సు అక్కర్లేదు. చలికాలపు అసలైన వంట ‘మాదె’ చేప పులుసు. నీళ్లు గడ్డకట్టే చలిలో, జనవరి ఫిబ్రవరుల్లో, ఐసు కిందే గుడ్లు పెట్టే చేప అది. పాలు, బంగాళదుంపలు, మిరియాలతో కాచిన ఆ పులుసు వేసవి అతిథులకి దొరకదు.

బడులకి చలికాలపు సెలవులు ఫిబ్రవరి రెండో సగం నుంచి మార్చి మొదటి వారం దాకా ప్రాంతాల వారీగా వస్తాయి. డిసెంబర్‌లో ఆరు గంటలే ఉన్న పగలు అప్పటికి పదికి చేరుతుంది. మంచు మీద ఎండ కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది. ఇన్ని కలిసొచ్చే రోజులవి, ఐసు ఉంటే.

ఆ నమ్మకమే సన్నగిల్లుతోంది. 1987 చలికాలంలో బాల్టిక్ దాదాపు మొత్తం గడ్డకట్టింది, 4 లక్షల చదరపు కిలోమీటర్ల పైన. 2020లో గరిష్ఠంగా పట్టినది 37,000 మాత్రమే. కొలతలు మొదలయ్యాక అంత తక్కువ ఎన్నడూ లేదు. ఆ ఏడాది నైరుతి దీవుల్లో నడక దారి కోసం ఎదురుచూసినవాళ్లకి నిరాశే మిగిలింది. ఐసు పట్టి కరిగి మళ్లీ పట్టే చలికాలాల్లో పడవకీ నడకకీ కుదరని రోజులే పెరుగుతాయి. వేడి చలికాలమంటే దీవికి సులువుగా వెళ్లొచ్చని అనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

అందుకే మోక్కి డైరీల విలువ పెరుగుతోంది. వచ్చిన తేదీ, లోపల ఎన్ని డిగ్రీలు, ఐసు ఎన్ని సెంటీమీటర్లు, ఏ దారిన నడిచారు, ఎంత కట్టె మిగిలింది: నోటుపుస్తకంలో నాలుగు ముక్కలు రాసి పెట్టడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. ఉత్తరాన తోర్నె నది ఐసు ఏ రోజున పగిలిందో 1693 నుంచి రాసి పెట్టిన లెక్కలున్నాయి. వాటిని మొదలుపెట్టినది శాస్త్రవేత్త కాదు, ఒక స్థానిక వర్తకుడు. నేడు వాతావరణ పరిశోధకులు ఆ పట్టికని ఎంతో గౌరవంగా వాడుకుంటున్నారు. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఉమ్మడిగా పంచుకుంటున్న దీవి ఇంటి డైరీ వారసులకి ముందుగా పనికొచ్చేది ఇంకా దగ్గరి విషయంలో: ఏ సందులో ప్రవాహం ఐసుని తింటుందో, ఏ ఒడ్డు నుంచి నడక మొదలుపెట్టాలో తాత చేతిరాతలో అందులో ఉంటుంది.