కప్పల చెరువు దారిలో బాపుతో

సియాటిల్‌కి వచ్చిన నాలుగేళ్లలో ‘ఈజీ’ అని రాసి ఉన్న ట్రయిల్ వైపు నేను కన్నెత్తి చూడలేదు. వీకెండ్ వస్తే చాలు, ఎంత ఎత్తు ఎక్కాం, ఎన్ని గంటల్లో దిగాం అన్నదే మా ఫ్రెండ్స్ మధ్య లెక్క. ఈజీ ట్రయిల్స్ అంటే పసిపిల్లల్ని బండిలో తోసుకొచ్చేవాళ్లకీ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకీ అనుకునేదాన్ని.

మొన్న ఫిబ్రవరిలో నాకూ అమ్మానాన్నలు వచ్చారు.

మాది ఆదిలాబాద్ దగ్గర ఒక పల్లె. పత్తి, కంది, సోయా. పత్తి ఏరడం అయ్యాక, మళ్లీ విత్తనం పెట్టేలోపు వచ్చి వెళ్లండని పోరగా పోరగా బయల్దేరారు. అమ్మకి వంటిల్లు దొరికింది, ఫోన్లో సీరియల్స్ దొరికాయి. బాపుకే ఏమీ దొరకలేదు. బాల్కనీలో కూర్చుని వాన చూసేవాడు. “గీ వాన మనకు జూన్ల పడితే ఎంత మంచిగుండు” అనేవాడు. మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు చెప్పాడు కాబట్టి కొండల వైపు తీసుకెళ్లే ధైర్యం నాకు లేదు.

ఇంతలో మార్చి మొదటి వారంలో నా ఉద్యోగం పోయింది. పదిహేను నిమిషాల మీటింగు, ల్యాప్‌టాప్ వెనక్కి పంపడానికి ఒక అట్టపెట్టె, అంతే. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోగా ఇంకో కంపెనీ మన తరఫున పిటిషన్ వేయాలి, లేదా మరో వీసాకి మారాలి. రెండూ కాకపోతే సామాను సర్దుకోవాలి. ఇంట్లో చెప్పలేదు. రోజూ తొమ్మిదింటికి గదిలోకెళ్లి, మీటింగ్ ఉందని తలుపేసుకుని, ఇంటర్వ్యూలకి చదువుకునేదాన్ని. 23వ రోజుకి ఆ గదిలో ఊపిరాడలేదు. శనివారం పొద్దున ట్రయిల్స్ యాప్ తెరిచి మొదటిసారి ‘ఈజీ’ అన్న ఫిల్టర్ నొక్కాను.

అలా దొరికింది కొలంబియా నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్. సియాటిల్ నుంచి తూర్పుగా మూడు గంటల డ్రైవ్, ఒథెలో అనే చిన్న ఊరి పక్కన. స్నోక్వాల్మీ కనుమలో మంచు చూసి అమ్మ ఫొటోలు తీసుకుంది. కనుమ దాటాక దేవదారు చెట్లు పోయి, వాన పోయి, ఎండ వచ్చింది. పడమటి నుంచి వచ్చే మేఘాల్ని కాస్కేడ్ పర్వతాలు ఆపేస్తాయి కాబట్టి అవతల అంతా మెట్ట. వాంటేజ్ దగ్గర కొలంబియా నది దాటుతుంటే రెండు ఒడ్డుల్లోనూ నల్లటి రాతి గోడలు. నెల రోజుల్లో మొదటిసారి బాపు సీట్లో ముందుకి వంగి కూర్చున్నాడు.

మేం నడిచింది ఫ్రాగ్ లేక్ ట్రయిల్. పక్కన పారే వాగు పేరు క్రాబ్ క్రీక్. పేర్లకి అర్థం చెప్తే అమ్మ నవ్వింది. “ఎండ్రికాయల వాగు పక్కన కప్పల చెరువా! గీ మాత్రం దానికి మూడు గంటలు తెచ్చినవా?” నేల చదునుగా ఉంది. ఒక పక్క నీళ్లు, నీళ్లలో జమ్ము. ఇంకో పక్క నల్లటి గుట్టలు. జమ్ము చూసి బాపు, “గిది మన చెరువుల ఉన్నట్టే ఉన్నది” అన్నాడు. ఆ జమ్ములో భుజాల మీద ఎర్రటి మచ్చలున్న నల్లపిట్టలు అరుస్తున్నాయి.

బాపు ఒక రాయి తీసి అరచేతిలో తిప్పాడు. “గిది మన చేన్ల రాయే గదా?”

నిజమే. రెండూ బసాల్ట్. ఇక్కడ సుమారు కోటీ 70 లక్షల ఏళ్ల కిందటి నుంచి భూమి నెర్రెల్లోంచి లావా పొంగి, పొర మీద పొరగా పరుచుకుంది. మా ఆదిలాబాద్ వైపు రాయి డెక్కన్ లావాది. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటిది. అది చివికి చివికే మా నల్లరేగడి అయింది. గుట్ట పక్కన ఆరు పలకల స్తంభాలు నిలబెట్టినట్టున్న రాతిని చూపించి, లావా చల్లారుతూ కుంచించుకుపోయి ఇలా పగిలిందని చెప్పాను. “ఎండకాలం మన రేగడి నెర్రెలిచ్చినట్టు” అన్నాడు బాపు. ఇంజనీరింగ్ చదివిన నాకు ఆ పోలిక తట్టలేదు.

“మరి మన్నంత ఏడికి వోయింది? అంతా రాయే ఉన్నది.”

రైతుకి తప్ప ఇంకెవరికీ రాని ప్రశ్న. మంచుయుగం చివర్లో, అంటే సుమారు 18 వేల నుంచి 15 వేల ఏళ్ల కిందట, ఇప్పటి మొంటానాలో మంచు ఆనకట్ట వెనక ఒక మహా సరస్సు ఉండేది. ఆనకట్ట తెగినప్పుడల్లా వరద ఇటు వచ్చేది. ఒకసారి కాదు, పదుల సార్లు. మన్ను కొట్టుకుపోయింది, రాయి కూడా పెళ్లలుగా ఊడిపోయింది. ఒకప్పుడు సియాటిల్‌లో హైస్కూలు టీచరుగా చేసిన హార్లెన్ బ్రెట్జ్ 1923లో ఈ వరద గురించి రాస్తే పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కొట్టిపడేశారు. ఆయన మాటే నిజమని ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. అమెరికా భూగర్భ శాస్త్ర సంఘం ఆయనకి పెన్‌రోజ్ పతకం ఇచ్చింది 1979లో, తొంభై దాటాక.

“వానల్లేవంటివి, గీ నీళ్లెక్కడియి మరి?”

నీళ్ల కథ ఇంకా చిత్రం. 1949లో పైన ఒసల్లివన్ డ్యామ్ కట్టి, పొలాలకి నీళ్లివ్వడానికి పాట్‌హోల్స్ రిజర్వాయర్ నింపారు. ఆ రిజర్వాయర్ నీళ్లూ, కాలవల నీళ్లూ రాతి సందుల్లోంచి ఊటగా కిందికి దిగి, వరద తవ్విన గుంటల్లో నిలిచాయి. ఇక్కడి చెరువుల్లో చాలావరకు అలా పుట్టినవే. మా భాషలో చెప్పాలంటే లీకేజీ అనే బగ్గే ఫీచర్ అయింది. బాపు మాత్రం, “నీళ్లు ఆగాల్నంటే ముందుగాల గుంత ఉండాలె” అన్నాడు.

చివర్లో ఉన్న గుట్ట మేం ఎక్కలేదు. అమ్మ చెరువు ఒడ్డున చద్దర్ పరిచి పులిహోర డబ్బా తీసింది. ఇంతలో ఆకాశంలో గరగరమని అరుపు. శాండ్‌హిల్ క్రేన్లు. బూడిద రంగు కొంగలు, నుదుటి మీద ఎర్రటి బొట్టు. కాలిఫోర్నియా నుంచి అలాస్కాకి పోతూ మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇక్కడి మక్క చేన్లలో రాలిన గింజలు తినడానికి దిగుతాయి. వాటిని చూస్తూ, బాపు మొహం వైపు చూడకుండా చెప్పేశాను.

“బాపూ, నా జాబ్ పోయింది.”

“నాకెరుకే బిడ్డా.”

“ఎట్ల?”

“అప్పుడు నల్ల ల్యాప్‌టాప్ ముందల కూసుందువు. ఇరవై దినాల సంది తెల్లది ఉన్నది. ఫోను సుత మోగుతలేదు. నువ్వే జెప్తవని జూసిన.”

అమ్మ గిన్నెలో పులిహోర పెడుతూ తలెత్తలేదు. ఆమెకీ తెలుసని అప్పుడర్థమైంది. ఇంట్లో ముగ్గురం ఒకరి కోసం ఒకరం నటిస్తున్నాం.

“ఇంకెన్ని దినాలున్నయి?” అన్నాడు బాపు. 37 అని చెప్పాను. కాసేపు లెక్కపెట్టుకున్నట్టు ఆగాడు. “పత్తి గింజ మొలవకపోతే మళ్ల పెట్టుకోనీకి మాకు పది దినాలు దొరకయి. నీకు ముప్పై ఏడున్నయి. తిను ముందు.”

ఏడుపొచ్చింది. తిన్నాను.

తిరుగు నడకలో ఒకటి గమనించాను. కొండ ఎక్కేటప్పుడు మేం ఎప్పుడూ ఒకరి వెనక ఒకరం, రొప్పుతూ నడుస్తాం. మాటలుండవు. చదును దారిలో పక్కపక్కన నడవచ్చు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషితో పాటు ఆగుతూ నడిస్తే రాయి కనపడుతుంది, పిట్ట కనపడుతుంది, పక్కన మనిషీ కనపడతాడు.

మీ అమ్మానాన్నల్ని తీసుకెళ్లాలనుకుంటే మార్చి, ఏప్రిల్ బాగుంటాయి. నీడ అస్సలు ఉండదు కాబట్టి టోపీ, నీళ్లు తప్పనిసరి. గాలి కోసిపారేస్తుంది, జాకెట్ పెట్టుకోండి. పొదల్లో గోమార్లు ఉంటాయి, ప్యాంటు సాక్సులో దోపుకోండి. ఎండ ముదిరితే గిలకపాములు తిరుగుతాయి, రాళ్ల సందుల్లో చేతులు పెట్టకండి. పక్షుల కోసం కొన్ని చోట్లు కొన్నాళ్లు మూసేస్తారు, బోర్డులు చూసుకోండి.

కారెక్కే ముందు బాపు జేబులోంచి రాయి తీశాడు. ఇక్కడివి తీసుకుపోకూడదని చెప్పాను. “మనకు లేవా ఏంది” అని దాన్ని దొరికిన చోటే పెట్టొచ్చాడు.

51వ రోజున ఒక చిన్న కంపెనీ పిటిషన్ వేసింది. జీతం మునుపటి కంటే తక్కువ. అప్పటికి అమ్మానాన్నలు ఊరెళ్లిపోయారు. కబురు వాట్సాప్‌లో పెడితే, బాపు మాటేమీ రాయలేదు. చేన్లో నిలబడి తీసిన ఫొటో ఒకటి పంపాడు. అరచేతిలో నల్లరాయి.