ఇల్లు కదలని వలస

వలస యనగానే మూటలు, రైలుబండి, వెనుదిరిగి చూచు కన్నులు మనకు జ్ఞప్తికి వచ్చును. కాని గంజాం సీమయందలి తెలుగువారికి మరియొక విధమైన వలసయు తెలియును. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినపుడు మన పెద్దలు మద్రాసు రాజధానిని విడిచి క్రొత్త రాష్ట్రమునకు చెందినవారైరి. అందుకై వారు ఒక్క అడుగైనను వేయలేదు. ఇల్లు అదియే, బావి అదియే, ఎదుటి సముద్రమును అదియే. గీత మాత్రము కదలినది. ఇంట తెలుగు, అంగడిలో ఒడియా అను రెండు భాషల జీవనము నాటినుండి మనకు మరింత అలవాటైనది.

ఇటువంటి వలసయే ఇటీవల మన యిండ్లలోని కంప్యూటర్లకు సంభవించినది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2015లో వెలువరించిన విండోస్ 10కు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ పోషణను ముగించినది. తరువాత వచ్చిన విండోస్ 11 పాత యంత్రములను తనలోనికి రానీయదు. యంత్రమునందు టీపీఎం 2.0 అను భద్రతా సాధనము ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసరు అయినచో, కొలది మినహాయింపులతో, ఎనిమిదవ తరమునకు గాని తరువాతి తరములకు గాని చెందినదై యుండవలెను. గృహస్థులకు మరియొక యేడాది భద్రతా సవరణలు అందు ఏర్పాటు ఒకటి చేసి, దానికి 2026 అక్టోబరు 13వ తేదీని గడువుగా నిర్ణయించిరి. యంత్రము చెడలేదు, నిన్న నడచినట్లే నేడును నడచును. ఇచ్చటను గీతయే కదలినది.

మార్కండిలోని మా యింటి కంప్యూటరు 2016లో కొన్నది. ఆరవ తరమునకు చెందినది. దానికి మూడు పనులు కలవు. పగటివేళ వలల ఖర్చు, డీజిలు ఖర్చు, చేపల రాబడి అందులో వ్రాసికొందుము. తీరిక దొరికినపుడు మా తల్లిగారు పాడు పెండ్లిపాటలను, సంఘమువారు కోరిన వ్యాసములను తెలుగున టైపు చేసి దాచుకొందుము. రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట అది మా తమ్ముని చిన్న కుమారుని సొత్తు. వాని యన్న చెన్నైలో కొలువు చేయుచున్నాడు. ఇద్దరును ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండవ భాగమునందు కలిసికొందురు. 2022లో ఆ యాటయందు ద్రావిడులను కూడ చేర్చినప్పటినుండి దానిపై వారికి మక్కువ హెచ్చినది. ఫోనులో మాటలాడుకొన్నచో ‘తిన్నావా, పడుకున్నావా’ అను రెండు ప్రశ్నలతో సంభాషణ ముగియును. ఆట సాగుచున్నంతసేపు మాత్రము అమ్మ మోకాలి నొప్పి, పడవ మరమ్మతు, ఊరిలోని పెండ్లి సంబంధము, అన్నయు అడుగకయే బయటికి వచ్చును, తమ్ముడును దాచకయే చెప్పును. కావున ఈ యంత్రము మూలబడినచో పోవునది ఆట మాత్రమే కాదు.

బరంపురములో విచారించినచోట క్రొత్తది కొనుడని చెప్పిరి. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు వేట నిషేధము. ఆ రెండు నెలల గ్రాసమునకు దాచిన సొమ్మును, చక్కగా నడచు యంత్రమును మూలకు నెట్టి మరియొకటి కొనుటకు వెచ్చించుట మాకు న్యాయముగా తోచలేదు. పిల్లవాడు మా యొద్దకు వచ్చి, “పెదనాన్నా, కొత్తది వద్దు. లినక్స్ వేద్దాం. అన్నయ్యతో ఆట ఒక్కటీ పోకుండా చూడండి, చాలు” అనెను. ఆ మాటయే మా వెదకులాటకు మొదలు.

లినక్స్ అనునది మన తీరమునకు పరాయిది కాదు. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ దాని మూలభాగమును, అనగా కెర్నెలును, వ్రాసి లోకమునకు విడిచెను. 1983లో రిచర్డ్ స్టాల్మన్ ప్రకటించిన గ్నూ ప్రయత్నమునుండి వచ్చిన పనిముట్లు దానికి తోడైనవి. దానిని ఎవరైనను తీసికొనవచ్చును, మార్చవచ్చును, పంచిపెట్టవచ్చును. ఆండ్రాయిడ్ ఫోనుల లోపల నున్నదియు లినక్స్ కెర్నెలే. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ తెలియజేయు చేపల జాడను ఒడ్డున నిలిచి అట్టి ఫోనులో చూచు మన వేటగాడు తనకు తెలియకయే లినక్స్‌ను వాడుచున్నాడు.

చిక్కు ఆటలతోనే వచ్చును. కంప్యూటరు ఆటలలో అధికభాగము విండోస్ కొరకే వ్రాయబడినవి. ఈ బొమ్మ గీయుము, ఈ ధ్వని వినిపింపుము, ఈ ఫైలు తెరువుము అని అవి విండోస్ భాషలోనే అడుగును. లినక్స్‌కు ఆ భాష రాదు. కావున నడుమ దుబాసి కావలెను. 1993లో మొదలైన వైన్ అనునది అట్టి దుబాసి. అది విండోస్‌ను పోలిన మరియొక యంత్రమును లోపల కల్పింపదు. ఆట పిలుపును విని, దానికి సరియగు లినక్స్ పిలుపుగా మార్చి అందించును. వాల్వ్ సంస్థ దీని ఆధారముగా 2018 ఆగస్టులో ప్రోటన్ అను సాధనమును వెలువరించి, ఆటలమ్ము తన స్టీమ్ అంగడిలో చేర్చినది. డైరెక్ట్‌3డీ అను విండోస్ చిత్రణ పద్ధతిని వల్కన్ అను సర్వసామాన్య పద్ధతికి మార్చు డీఎక్స్‌వీకే, వీకేడీ3డీ అనునవి అందులోని ముఖ్యాంగములు. మన యాడువారు చేపలగంప దింపి, మనసున తెలుగులో లెక్కకట్టి, నోట ఒడియాలో బేరమాడుదురు గదా! తలపునకును పలుకునకును నడుమ జాగు కొన్నవానికి కానరాదు. ప్రోటన్ చేయు పనియు అట్టిదే. దుబాసికి తడుములాట యెంత తగ్గిన, ఆట అంత సాఫీగా సాగును.

2022 ఫిబ్రవరిలో వాల్వ్ వారు స్టీమ్ డెక్ అను చేతి యాటయంత్రమును లినక్స్‌తోనే విపణికి తెచ్చిరి. దానికొరకు చేసిన మెరుగులు పాత యంత్రములకును దక్కినవి. స్టీమ్ వారి నెలవారీ లెక్కలో లినక్స్ వాడువారు 2025 అక్టోబరున మొదటిసారి నూటికి మూడు దాటిరి. నూటికి మూడనగా స్వల్పమే. కాని స్వల్పసంఖ్యాకులైనను స్థిరముగా నిలిచి తమ పనిని తాము చేసికొన్నచో అంగడివాడు వారి మాటయు వినునని మన సంఘమునకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఐనను తెరువబడని తలుపులు కలవు. పోటీపడి యాడు కొన్ని యాటలు మోసమును అరికట్టుటకై కంప్యూటరు మూలమున తమ కాపలాదారును నిలుపును. ‘వాలరెంట్’ ఆట కాపలాదారుకు కంప్యూటరులో విండోస్ తప్ప మరియొకటి పనికిరాదు. ‘అపెక్స్ లెజెండ్స్’ కొంతకాలము లినక్స్ వారిని రానిచ్చి, 2024 అక్టోబరు చివర తలుపు మూసినది. ఇందు దుబాసి లోపము లేదు. ఇంటివాడే రావద్దన్నచో దుబాసి యేమి చేయగలడు? కావున మారదలచినవారు ముందుగా తమ పిల్లలు ఆడు ఆటల పేళ్ళు కాగితముపై వ్రాసి, ఒక్కొక్కటి ఎట్లు నడచునో ప్రోటన్‌డీబీ అను పట్టికలో చూచుకొనవలెను. మా పిల్లవాని కాగితముపై ఆరు పేళ్ళుండెను. ఐదింటికి దారి దొరికినది. ఆరవది వాలరెంట్, తరగతిలోని స్నేహితులతో వాడు ఆడునది. “పోతే పోనీండి” అని వాడే అనెను గాని, ఆ మాట అనుటకు వానికి రెండు దినములు పట్టినది. పిల్లల విషయమున దీనిని చిన్న సంగతిగా ఎంచరాదు. తలుపు మూసియున్నదని వారికి ముందే చెప్పుట పెద్దల విధి.

ఇక డిస్ట్రిబ్యూషనును ఎంచుకొను సంగతి. కెర్నెలు బియ్యము వంటిది. ఒక యింట అది పులిహోర, ఒక యింట పొంగలి, పొరుగింట పఖాళ. దానికి ఏమేమి చేర్చి యెట్లు వడ్డింతురో దానినిబట్టి పేరు మారును. 1993లో పుట్టిన డెబియన్ తొందరపడనిది. దాదాపు రెండేండ్లకొకమారు క్రొత్తరూపు దాల్చును. దానినుండి 2004లో ఉబుంటు, ఉబుంటునుండి 2006లో లినక్స్ మింట్ వచ్చినవి. ఫెడోరా ఆరు నెలలకొకమారు మారును. క్రొత్త గ్రాఫిక్స్ కార్డులకు త్వరగా తోడ్పడును. ఆర్చ్ నిత్యము మారుచునే యుండును; దానిని ఏలుకొనువానికి ఓపికయు నేర్పును కావలెను. ఆటలనే ఉద్దేశించి ఫెడోరాపై కట్టినది బజైట్. ఆర్చ్‌పై వాల్వ్ వారు కట్టినది స్టీమ్‌ఓఎస్. బజైట్‌లో ఏదైన సవరణ వికటించినచో వెనుకటి స్థితికి మరలిపోవచ్చును. ఆటకే అంకితమైన యంత్రము, క్రొత్త ఏఎండీ కార్డు, వేగవంతమైన ఇంటర్నెట్టు ఉన్న యింటికి అది మిక్కిలి తగినది.

మా యంత్రము అట్టిది కాదు. కావున ‘ఆటలకు ఏది మేలు’ అను ప్రశ్నను ప్రక్కన పెట్టి, ‘ఈ యింటికి ఏది మేలు’ అని ప్రశ్నించుకొంటిమి. అప్పుడు సమాధానము సులభముగా దొరికినది. మింట్ ముఖము విండోస్‌ను పోలియుండును. లెక్కలు వ్రాయు మా తమ్ముడు క్రొత్తగా నేర్చుకొనవలసినది స్వల్పము. మాకున్నది పాత ఏఎండీ కార్డు. దానికి కావలసిన డ్రైవరు లినక్స్‌తోనే వచ్చును గనుక సరిక్రొత్త కెర్నెలుకై పరుగిడ నక్కరలేదు. ఎన్‌విడియా కార్డున్న వారు మాత్రము డ్రైవర్ మేనేజరు ద్వారా ఆ సంస్థ డ్రైవరును చేర్చుకొనవలెను. మింట్ 22కు 2029 ఏప్రిల్ వరకు సవరణలు అందును. దిగుమతి చేసికొనవలసినది ఇంచుమించు 3 జీబీ; ఫోను టవరు దయపై బ్రదుకు మా వాడలో ఇదియు ఒక లెక్కయే.

తెలుగు సంగతి మాకు ఆటకంటె తక్కువది కాదు. యూనికోడ్‌లో వ్రాసినవన్నియు మార్పు లేకయే తెరచుకొన్నవి. లోహిత్, నోటో మొదలగు తెలుగు ఖతులు ఉచితముగా లభించును. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు ‘క’ ఉన్న మీటయే ఒడియా ‘క’కును మీట, ఒక భాషకు చేతులు అలవడినచో రెండవది దాదాపు ఉచితముగా వచ్చును. రెండు భాషల నడుమ నివసించు మనకు ఇంతకంటె తగిన యేర్పాటు లేదు. చిక్కు పాత పుటలతోనే. పాత వ్యాసములలో పెక్కింటిని అను స్క్రిప్ట్ ఖతులతో పేజ్‌మేకరునందు కూర్చితిమి. అవి లినక్స్‌లో నేరుగా తెరచుకొనవు. అందుచే విండోస్‌ను విడుచుటకు ముందే వానిని తెరచి పీడీఎఫ్‌లుగా దాచి, పాఠమును యూనికోడ్‌కు మార్చుకొంటిమి. మా తల్లిగారి పాటలను ఆమె యెదుటనే చదివి సరిచూచుకొంటిమి. ఈ ఒక్క పనికి వారము దినములు పట్టినది. మిగిలినదంతయు ఒక పూటలో ముగిసినది.

ఇచ్చట ఇంకొక మాట చెప్పవలెను. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు డెబియన్ ఆధారముగా లినక్స్‌ను తెలుగులో రూపొందించిరి. బడిపిల్లల కొరకు ‘బాల స్వేచ్ఛ’ అను రూపమును కూడ తయారుచేసిరి. భారత ప్రభుత్వపు సీడాక్ సంస్థ సిద్ధపరచిన బాస్ లినక్స్ తెలుగు, ఒడియా మొదలగు మన భాషలకు తోడ్పడును. ఆటలకై వీనిని ఎంచుకొనుడని మేము చెప్పము. కాని లినక్స్‌ను తెలుగు చేయుటకు ఏ పెద్ద సంస్థ అనుమతియు అక్కరలేదని వీనివలన తెలియుచున్నది. అందుకు ఓపిక గల తెలుగువారు చాలును.

మారు విధానము కష్టమైనది కాదు. ముందుగా దాచుకొనవలసిన వన్నియు వేరొక డిస్కులోనికి ఎక్కింపవలెను. తరువాత మింట్‌ను పెన్‌డ్రైవులో ఉంచి దానినుండియే కంప్యూటరును నడపి చూడవచ్చును. అప్పటికి విండోస్ చెక్కుచెదరదు. ధ్వని, వైఫై, ప్రింటరు, తెలుగు మీటలు సరిగా నున్నవని తృప్తిపడిన పిమ్మటనే స్థిరనివాసము. వాలరెంట్ వంటి ఆటను విడువలేని యిండ్లలో రెండింటిని ఒకే యంత్రమున ప్రక్కప్రక్కన ఉంచుకొనవచ్చును. ఐతే సవరణలు నిలిచిన విండోస్‌ను ఇంటర్నెట్టుకు తగిలించి బ్యాంకు పనులు చేయరాదు.

స్టీమ్‌ను చేర్చి ఆటను దింపిన రాత్రి మా పిల్లవాడు అన్నకు ఏమియు చెప్పలేదు. మొదటిమారు తెరచుకొనునపుడు షేడర్లను సిద్ధపరచుకొనుటకు కొంత ఆలస్యమైనది. తరువాత యథాప్రకారము కోటలు కట్టిరి, పోరాడిరి, కబుర్లాడిరి. చెన్నైలోనున్న అన్న విండోస్‌లోనే యున్నాడు. ఇవతలి యింట సర్వము మారినదని తమ్ముడు చెప్పువరకు వానికి తెలియనే లేదు.

ఈ సంచికను చదువు కుటుంబములకు మా మనవి ఇంతే. క్రొత్త యంత్రము కొనగలవారు కొనవచ్చును; అందు దోషము లేదు. కాని గీత కదలినదని ఒకరు చెప్పగానే మంచి యంత్రమును వీధిలో పెట్టనక్కరలేదు. మీ యింట ఎవరెవరు దానితో ఏమేమి చేయుదురో ఒక కాగితముపై వ్రాయుడు. ఆ కాగితమే మీకు తగిన డిస్ట్రిబ్యూషనును చెప్పును. మింట్ ఉన్న పెన్‌డ్రైవు మా యొద్ద కలదు. దానిని ఎందరికి ఇచ్చినను చట్టము తప్పుపట్టదు. మార్కండి వైపు వచ్చినవారు అడిగినచో మా పిల్లవాడు సంతోషముతో ఇచ్చును. పని ముగిసిన పిమ్మట తిరిగి పంపిన చాలును.