కర్నూలు నుంచి కడపకు ఒక కాగితంతో

కర్నూలులో పొద్దున్నే ఉగ్గాని బజ్జీ, కడపలో కారం దోసె. మొదటిది నా మెట్టినిల్లు, రెండోది పుట్టిల్లు. మధ్యలో సుమారు 200 కిలోమీటర్ల దారి. పెళ్లయినప్పటి నుంచీ ఈ దారిన ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. పోయిన జూన్‌లో చేసిన ప్రయాణం మాత్రం వేరు. మావారికి కడపకు బదిలీ అయింది. సామాను లారీలో ముందే వెళ్లిపోయింది. నేనూ, తొమ్మిదేళ్ల మా చిన్నోడూ బస్సెక్కాం. నా చేతిసంచిలో నగలకంటే భద్రంగా పెట్టుకున్నది వాడి బడి కాగితం.

మా వాడికి చెనిక్కాయలు పడవు. "సీమలో పుట్టి చెనిక్కాయలు పడకపోవడమేందే!" అని మా అత్తగారు కూడా మొదట్లో నవ్వారు. వాడికి మూడేళ్లప్పుడు ఒక పెళ్లిలో రాగి సంగటితో ఊరుబిండి నాలిక్కి రాశాను. పది నిమిషాల్లో పెదవులు వాచాయి, ఒంటి నిండా దద్దుర్లు, ఆపైన పిల్లికూతలు. ఆ రోజు నుంచి అత్తగారు మళ్లీ నవ్వలేదు. మా ఇంట్లో గుత్తివంకాయ మసాలా కూడా నువ్వులతోనే చేస్తాం.

బస్సు ఓర్వకల్లు రాళ్లగుట్టలు దాటి, పాణ్యం మీదుగా నంద్యాల చేరింది. 2022 నుంచి నంద్యాల వేరే జిల్లా అయింది. బస్టాండులో ఆగీ ఆగకముందే "ఉడకబెట్టిన బుడ్డలు, వేడి వేడి బుడ్డలు" అంటూ గంప ఎక్కింది. మా వాడు కిటికీ వైపు జరిగి, "అమ్మా, ఈ సీటు తుడువు" అన్నాడు. నేను తుడిచేలోపు పక్కసీటు పెద్దమ్మ ఒక పొట్లం కొని వాడి ముందు చాపింది. "తిను నాయనా, సిగ్గేంది?" అంది. విషయం చెప్పాను. ఆమె పొట్లం కట్టేసి సంచిలో పెట్టుకుని, చేతులు కూడా కడుక్కుంది. అందరూ ఇట్లా ఉంటే ఇక కాగితాలెందుకు చెప్పండి!

బడిలో అట్లా కాలేదు. మన ప్రభుత్వ బడుల్లో 2020 జనవరి నుంచి మధ్యాహ్న భోజనంతోపాటు వేరుశనగ చిక్కీ ఇవ్వడం మొదలైంది. బీదపిల్లలకు మంచి బలం, నేను కాదనను. వాడిని చేర్చినప్పుడే టీచరమ్మకు చెప్పాను. "చూసుకుంటాంలేమ్మా" అంది, చూసుకుంది కూడా. ఆమె సెలవు పెట్టిన రోజు ఇంకొకరు, "చిన్న ముక్కకు ఏం కాదులే, తిను" అన్నారు. 108లో ఆసుపత్రికి పోయేసరికి వాడి గొంతు మూసుకుపోతోంది. తొడకు అడ్రినలిన్ సూది వేశాక గానీ ఊపిరి తేరుకోలేదు. ఇట్లాంటప్పుడు దురద బిళ్ల ఒక్కటే నమ్ముకోకూడదని, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తేవాలని డాక్టరు గట్టిగా చెప్పారు.

నోటిమాట సెలవు పెడుతుందని ఆ రోజు తెలిసింది నాకు.

మా ఆడపడుచు అమెరికాలో ఉంటుంది. అక్కడ 1973 నాటి చట్టంలోని 504వ సెక్షన్ కింద ఇట్లాంటి పిల్లలకు బడివాళ్లతో రాతపూర్వకంగా ఏర్పాట్లు చేయించుకుంటారట. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో ఈ జబ్బు పేరు లేదు. మరి మనకు దిక్కెవరు అని దిగులు పడుతుంటే, మా వీధిలోని రిటైరైన పంతులుగారు ఒక దారి చూపించారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడుల్లోనూ, ఎయిడెడ్ బడుల్లోనూ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. "అక్కడ అడుగమ్మా, మినిట్సు పుస్తకంలో రాయించు" అన్నారు.

డాక్టరు చీటీ జతచేసి అర్జీ రాశాను. ఇంటర్‌తో చదువు ఆపేసిన నాకు ఆ ఒక్క పేజీ రాయడానికి మూడు రాత్రులు పట్టింది. మీటింగులో ఒకామె లేచి, "నీ కొడుకు ఒక్కడి కోసం మా పిల్లోళ్లు చిక్కీ మానుకోవాల్నా?" అని అడిగింది. ఆమె కూలికి పోయే మనిషి. ఆమె బిడ్డకు ఆ చిక్కీ ఎంత అవసరమో నాకు తెలుసు. "వద్దక్కా, ఎవరూ మానొద్దు. తిన్నాక చేతులు కడుక్కుంటే చాలు" అన్నాను. మొదట సంతకం పెట్టింది ఆమే.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పులు చెక్కిన దేవుళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. అందరికీ ఒకేసారి దండం పెట్టుకున్నాను. చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు దాటి, చెన్నూరు దగ్గర పెన్న మీదుగా కడపలో దిగాం.

మర్నాడే కొత్త బడికి పోయాం. హెడ్మాస్టరుగారు కాగితమంతా చదివి, కమిటీలో పెడతానని చెప్పి, నకలు మీద సంతకం చేసి ముద్ర వేసిచ్చారు. నేను అక్కడితో ఆగలేదు, వంటగదికి వెళ్లాను. వంటామె కాగితం అటూ ఇటూ తిప్పి, "నాకు సదువు రాదు తల్లీ" అంది. నా గుండె జారిపోయింది. వడ్డించే చేతికి అందని కాగితం ఎందుకు? అంతలో మా వాడు దాన్ని తీసుకుని తనే గట్టిగా చదివి వినిపించాడు. ఆమె అంతా విని, "నీ గంటె వేరే పెడతాలే నాయనా, నీ పేరేంది?" అంది.

మీ ఇంట్లోనూ ఇట్లాంటి బిడ్డ ఉంటే, అది గుడ్డయినా, పాలయినా, ఈ నాలుగూ కాగితంలో రాయించండి. ఏది పడదు, దాని బదులు ఏం పెట్టాలి. పొరపాటున తింటే కనిపించే గుర్తులు. వెంటనే ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి. టీచరు సెలవు పెడితే ఎవరు చూసుకోవాలి. ప్రైవేటు బడయితే యాజమాన్యానికి రాసి, నకలు మీద సంతకం తీసుకోండి. ప్యాకెట్ తిండ్ల మీద వేరుశనగ, పాలు, గుడ్డు లాంటివి ఉంటే ఆ సంగతి అచ్చువేయాలని 2020 నాటి నిబంధనలున్నాయి, కొనేముందు చదవండి. గానుగ నూనె విషయం డాక్టరును అడగకుండా వాడకండి.

చిక్కీ ఇచ్చే రోజుల్లో మా వాడి డబ్బాలో, డాక్టరు సరేనన్నాకే, బెల్లం పాకంతో పుట్నాల ఉండలు పెడుతున్నాను. మొన్న రెండు ఎక్కువ పెట్టమన్నాడు. వంటామెకు కూడా కావాలట!