గొడవైన రోజు

నేను మాలవాడ నుంచి బడికి పోయెటోన్ని. అయిదో తరగతిల మా సారు అయిదుగురికొక జట్టు చేసిండు. మా జట్టు లీడరు పటేలు మనుమడు. అందరి నోటుబుక్కులు చేతితోటి తీసుకునేటోడు. నన్ను మాత్రం కింద పెట్టమనేటోడు. పెట్టేటోన్ని. మా జట్టుల ఏనాడూ కొట్లాట కాలేదు. సారు దానికి 'మంచి జట్టు' అని పేరు పెట్టిండు.

అవ్వ కైకిలి చేసి చదివించింది. మా ఇంట్ల డిగ్రీ చదివింది నేనే మొదలు. బి.ఇడి.ల జట్ల సిద్ధాంతం చదువుతుంటే ఆ మంచి జట్టే యాదికొచ్చింది. జట్టు మొదట ఏర్పడుతుంది, తర్వాత గొడవపడుతుంది, గొడవలోంచి కట్టుబాట్లు పుడతాయి, అప్పుడు పని సాగుతుంది అని 1965లో బ్రూస్ టక్‌మన్ చెప్పిండు. ఆయన పరిశీలించిన వ్యాసాల్లో చాలావరకు మానసిక చికిత్స జట్ల గురించినవి. అక్కడికి మనుషులు కొత్తగా వస్తరు. మా ఊర్ల ఎవరూ ఎవరికీ కొత్త కాదు. పిల్లలు గుండ్రంగా కూసోకముందే కట్టుబాటు వచ్చి కూసుంటది. ఎవరు చెప్పాలె, ఎవరు రాయాలె, ఎవరు చాక్‌పీసు తేవాలె అన్నది ఊరు ముందే తేల్చింది. ఇంక గొడవెక్కడిది? దాన్నే మనం క్రమశిక్షణ అంటున్నం.

ఇప్పుడు నేను సర్కారు బడిల సారును. నేను కట్టిన జట్టుల గూడ మాలవాడ పిల్ల ఒకతి బోర్డు తుడవడానికే లేస్తుండె. చూసీ చూడనట్టు ఊకున్నది నేనే. ఒప్పుకుంటున్న.

తర్వాత జిగ్‌సా పద్ధతి పట్టిన. అమెరికాల టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్‌లో నల్లపిల్లలు, తెల్లపిల్లలు, మెక్సికన్ మూలాల పిల్లలు కొత్తగా ఒకే తరగతిల కలిసినప్పుడు, 1971లో ఎలియట్ అరాన్సన్ మొదలుపెట్టిన పద్ధతి అది. పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తరు. ఒకరి ముక్క ఇంకొకరి దగ్గర ఉండదు. వినకుంటే పాఠం పూర్తికాదు.

చెరువు పాఠం అయిదు ముక్కలు చేసి చీటీలేసిన. తూము ముక్క ఆ పిల్లకొచ్చింది. లీడరు పోరడు కాయితం గుంజుకొని తానే చదవబోయిండు. పిల్ల వదల్లే.

"నాది నేనే చెప్త. మా తాత నీరటి. అందరి పొలాలకు నీళ్లు వదిలెటోడు. మీ బాయికాడ మాత్రం దోసిలి పట్టి తాగెటోడు."

కాయితం చినిగింది. ఇద్దరూ అరుచుకున్నరు. పెద్దసారు వచ్చి "ఏంది లొల్లి?" అన్నడు.

"పాఠం నడుస్తుంది సార్" అన్న.

పిల్ల చినిగిన ముక్కలు కలిపి పట్టుకొని చెప్పింది. లీడరు రాసుకున్నడు. గంట కొట్టినంక ఎవరి వాడకు వాళ్లు పోయిండ్రు. జిగ్‌సా ఊరిని మార్చలేదు. ఆ ఒక్క పీరియడు మాత్రం ఊరి కట్టుబాటు మా జట్టుల చెల్లలే.

రేపు సార్లు, టీచర్లు అయ్యే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒకటే చెప్త. మీ జట్టుల లొల్లి లేదని సంబురపడకుండ్రి. నోటుబుక్కు ఎవరు కింద పెడుతున్నరో చూడుండ్రి.