సప్పోరో మంచులో

మంచు చూడాలంటే ఫిబ్రవరిలో జపాన్‌లోని సప్పోరో వెళ్లాలి. సైబీరియా చలిగాలి జపాన్ సముద్రం మీదుగా వస్తూ తేమను మోసుకొచ్చి ఇక్కడ మంచుగా దింపేస్తుంది. ఏడాదికి దాదాపు 5 మీటర్లు! అయినా ఊరు ఆగదు. ఆ మంచు ఎంత పొడిగా ఉంటుందంటే, గుప్పిట్లో ఉండ కట్టదు, మైదాపిండిలా జారిపోతుంది. కోటు చేతి మీద వాలిన ఒక్క రేకును ఊపిరి బిగబట్టి చూశాను. ఆరు కొమ్మలు, కొమ్మకొమ్మకూ సన్నని రెమ్మలు. చూస్తుండగానే నీటిచుక్క అయిపోయింది.

1950లో ఓదోరి పార్కులో బడిపిల్లలు ఆరు మంచుబొమ్మలు చేస్తే మొదలైన మంచు పండుగకు ఇప్పుడు మేడలంత శిల్పాలు లేస్తున్నాయి. నాకైతే పక్కవీధిలో గుమ్మాల ముందు పిల్లలు నిలబెట్టిన బుల్లి బొమ్మలే ఎక్కువ ముద్దొచ్చాయి. చలికి చెవులు జివ్వుమంటుంటే, పొగలు కక్కే మిసో రామెన్ నూడుల్స్ సూప్‌లో వెన్నముక్క మెల్లగా కరుగుతోంది. ఇంకో గిన్నె తెమ్మన్నాను.